మొద్దు లాప్‌టాప్

నా దగ్గిర ఒక లాప్‌టాప్ ఉన్నది. దాన్ని 2014లో కొన్నాను. కొన్న కొత్తలో అది చురుకుగానే పనిచేసేది. ఏళ్ళు గడిచినకొద్దీ దానికి మాంద్యం పట్టుకున్నది. 2023 నాటికి పరిస్థితి ఎంతవరకూ వచ్చిందంటే, పొద్దున్నే దాని మీట నొక్కి, పెరట్లోకి వెళ్ళి, నాలుగు మొక్కలకు నీళ్ళు పోసి, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి కూడా తెర మీద ఒక చిన్న చక్రం గిర్రున తిరుగుతూనే ఉండేది. ఒక ఉత్తరం తెరవమంటే ఆలోచించేది. మూయమన్నా ఆలోచించేది. నేను దానికి “మొద్దు” అని పేరు పెట్టాను. ముప్ఫయి అయిదేళ్ళు బడిపంతులుగా పనిచేసినవాడికి ఆ మాట నోటికి తేలికగానే వస్తుంది.

అయితే ఆ మొద్దులో నాకు ప్రాణప్రదమైనది ఒకటి ఉన్నది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ప్రతి శనివారం ఆఖరు పీరియడులో పిల్లలచేత పొడుపుకథలు చెప్పించేవాణ్ణి. ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి తెలుసుకొచ్చిన పొడుపుకథను ఒక్కొక్కరే లేచి చెప్పేవారు. మిగిలినవారు దాన్ని విప్పేవారు. ఎవరు ఏది చెప్పారో వాళ్ళ పేరుతో సహా నేను నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. అలా రాసినవి 180 పుటలయాయి. లాప్‌టాప్ కొన్నాక ఆ పుటలన్నిటికీ ఫోటోలు తీసి అందులో దాచాను. వాటిని చూస్తూ, తీరిక దొరికినప్పుడల్లా టైపు చేస్తూ వచ్చాను. మూడోవంతు పూర్తి అయింది. ఈలోగా అటక మీద ఉన్న నోటుబుక్కుల పెట్టెకు చెదలు పట్టింది. నేను చూసేసరికి పెట్టెలో మట్టి మిగిలింది. కనక ఆ పొడుపుకథలు ఇప్పుడు ఒక్కచోటనే, ఆ మొద్దులోనే ఉన్నాయి. అంత విలువైన వస్తువును ఒక్కచోటనే ఉంచటం తెలివితక్కువ అని నాకు అప్పటికి తోచలేదు.

పట్నంలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి దాన్ని తీసుకుపోయాను. అక్కడి కుర్రవాడు మూత అయినా తెరవకుండా, “దీనికి వయసైపోయిందండీ, మాస్టారూ! ఇది ఇచ్చేసి కొత్తది తీసుకోండి,” అన్నాడు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి కూడా ఫోనులో, “తొమ్మిదేళ్ళయింది గదా, నాన్నగారూ! నేను కొత్తది పంపిస్తాను,” అన్నాడు. నేనూ సరే ననుకున్నాను.

వేసవి సెలవులకు మా అబ్బాయి కూతురు మా ఊరు వచ్చింది. అది అప్పుడే తొమ్మిదో తరగతి పాసయింది. లాప్‌టాప్‌ను సంచిలో సర్దుతున్న నన్ను చూసి, “తాతయ్యా, దీన్ని ఎందుకు ఇచ్చేస్తున్నావు?” అని అడిగింది.

“మొద్దయిపోయిందమ్మా. ఏ పనీ త్వరగా చెయ్యలేదు,” అన్నాను.

“ఎక్కడ ఆలస్యమవుతున్నది?”

“ఎక్కడేమిటి? అంతా ఆలస్యమే!”

“అంతా ఎలా అవుతుంది, తాతయ్యా? చూద్దాం ఉండు,” అని అది లాప్‌టాప్‌ను నా చేతిలోంచి తీసుకున్నది.

చక్రం తిరగటం ముగిసేదాకా ఓపికగా కూచుని, మూడు మీటలు కలిపి నొక్కి, అది తెర మీదికి ఒక పట్టికను తెప్పించింది. దాని పేరు టాస్క్ మేనేజర్. లాప్‌టాప్‌లో ఏ భాగం ఎంత పనిచేస్తున్నదీ అందులో అంకెలలో కనిపిస్తుంది. ప్రాసెసర్ అన్నచోట 7 శాతం అని ఉన్నది. మెమరీ అన్నచోట 58 శాతం. డిస్క్ అన్నచోట మాత్రం 100 శాతం అని ముదురు రంగులో వెలుగుతున్నది.

“చూశావా, తాతయ్యా! లెక్కలు చేసేది ప్రాసెసర్. అది నూటికి తొంభైమూడు వంతులు ఖాళీగా కూచున్నది. డిస్క్ మాత్రం ఊపిరాడకుండా పరిగెడుతున్నది. దీని బుర్ర బాగానే ఉంది. బుర్ర దగ్గిరికి పని అందటంలేదు, అంతే!” అన్నది.

నాకు సరిగా బోధపడలేదు. మా స్కూలు సంగతిగా మార్చుకుని చూసుకుంటే అప్పుడు అర్థమయింది. హెడ్మాస్టరు గదిలో ఒక బల్ల ఉంటుంది. వరండా చివర రికార్డు గది ఉంటుంది. హెడ్మాస్టరు ఒక పిల్లవాడి సర్టిఫికెట్టు రాయాలంటే, ఆ రిజిస్టరు బల్ల మీద ఉండాలి. లేకపోతే అటెండరును పంపాలి. ఆయన వరండా చివరికి నడిచి, బీరువా తెరిచి, వెతికి, రిజిస్టరు తెచ్చేదాకా హెడ్మాస్టరు కలం పట్టుకుని కూచోవలసిందే. లాప్‌టాప్‌లో ప్రాసెసర్ హెడ్మాస్టరు. మెమరీ ఆయన బల్ల. కరెంటు పోతే ఆ బల్ల మీదివన్నీ మాయమవుతాయి. డిస్క్ రికార్డు గది. కరెంటు ఉన్నా లేకపోయినా అందులోవి అలాగే ఉంటాయి. పొద్దున లాప్‌టాప్ మీట నొక్కగానే ఆ గదిలోనుంచి బల్ల మీదికి వేలకొద్దీ కాగితాలు రావాలి. అవి ఒకే బీరువాలో ఉండవు. ఇక్కడొకటి, అక్కడొకటి ఉంటాయి.

మా లాప్‌టాప్‌లో ఉన్నది హార్డ్ డిస్క్. అందులో నిజంగానే ఒక బిళ్ళ తిరుగుతూ ఉంటుంది. గాజుతోనో అల్యూమినియంతోనో చేసిన ఆ బిళ్ళకు సన్నని అయస్కాంతపు పూత ఉంటుంది. అది నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకండుకు 90 సార్లు తిరుగుతుంది. దాని అంచున ఒక చీమ కూచుంటే, ఆ చీమ గంటకు అరవై కిలోమీటర్లకు పైగా వేగంతో ప్రయాణం చేస్తున్నట్టు లెక్క! బిళ్ళ మీద ఒక సన్నని చెయ్యి అటూ ఇటూ కదులుతూ, తన కొసన ఉన్న తలతో రాతను చదువుతుంది. పాత గ్రామఫోను పెట్టెలో ముల్లు రికార్డును తాకుతుంది గాని, ఈ తల బిళ్ళను తాకదు. వెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా తక్కువ ఎత్తున, గాలి మీద తేలుతుంది. అందుకే పనిచేస్తున్న హార్డ్ డిస్కును కిందపడవేస్తే చాలా ప్రమాదం.

ఇంత చక్కని యంత్రానికి ఒక్కటే లోపం. ఆ చెయ్యి కావలసిన వరసకు జరగాలి, తరవాత కావలసిన రాత తిరిగి తిరిగి తల కిందికి రావాలి. ఈ రెంటికీ కలిపి సుమారు 17 మిల్లీ సెకండ్లు పడుతుంది. మనకు అది రెప్పపాటుకన్నా తక్కువే. ప్రాసెసర్ సంగతి చూడండి. మా లాప్‌టాప్ ప్రాసెసర్ సెకండుకు 200 కోట్ల అడుగులు వేస్తుంది. అంటే 17 మిల్లీ సెకండ్లలో 3 కోట్ల 40 లక్షల అడుగులు. ఒక్కొక్క అడుగును మన సెకండు అనుకుని లెక్కకట్టండి. నేను కాగితం పెన్సిలూ తీసుకుని చేశాను. 393 రోజులు వచ్చింది! అంటే హెడ్మాస్టరు ఒక్క కాగితం అడిగితే, అటెండరు ఏడాది మీద నెల తరవాత తిరిగి వస్తున్నాడన్నమాట. అలాంటి కాగితాలు కొన్ని వేలు రావాలి. అటువంటి హెడ్మాస్టరును మొద్దు అంటే ఏం న్యాయం?

“మరి దీనికి మందేమిటమ్మా?” అని అడిగాను.

“రికార్డు గది మార్చటమే, తాతయ్యా. హార్డ్ డిస్క్ తీసి సాలిడ్ స్టేట్ డ్రైవ్ పెడదాం. ఎస్.ఎస్.డి. అంటారు. అందులో తిరిగేదీ కదిలేదీ ఏమీ లేదు. అడిగినది సుమారు సెకండులో పదివేలో వంతుకు వస్తుంది,” అన్నది నా మనవరాలు.

మళ్ళీ లెక్కకట్టాను. అటెండరు 393 రోజులకు బదులు రెండు రోజుల ఏడు గంటలలో వస్తాడు.

అది ఇంకా ఏదో చెబుతున్నది గాని నా మనసు అక్కడ లేదు. “దీని బుర్ర బాగానే ఉంది. బుర్ర దగ్గిరికి పని అందటంలేదు,” అని అది అన్న మాట దగ్గిరే ఆగిపోయింది. ఆ మాట నేను 1989లో వినవలసింది. అప్పుడు చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఆ ఏడు నేను ఏడో తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. ఆ తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. నల్లబల్ల మీద రాసినది ఎత్తి రాసుకోమంటే, అందరూ ముగించి పుస్తకాలు మూసినా, వాడు మొదటి రెండు వాక్యాల దగ్గిరే ఉండేవాడు. రాసిన ఆ కాస్తలోనూ వత్తులు ఉండేవి కావు. నేను వత్తు వత్తుకూ మార్కులు తగ్గించాను. వాడు పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసేవాడు. చూసి రాసే దురలవాటు అబ్బిందని వాణ్ణి ఒక్కణ్ణీ ఆఖరు బెంచీకి మార్చాను. అప్పటినుంచీ వాడు మరింత వెనకబడ్డాడు. వాడి ప్రోగ్రెసు కార్డులో “మందకొడి” అని నా చేత్తోనే రాశాను. వాడు ఆ ఏడు పరీక్ష తప్పాడు.

మరుసటి ఏడు మా స్కూలులో పిల్లలకు కంటి పరీక్షలు చేశారు. ఆ పిల్లవాడికి దూరపు చూపు బాగా తక్కువ అని తేలింది. కళ్ళద్దాలు వచ్చిన రోజున వాడు ఆఖరు బెంచీలోంచి నల్లబల్లకేసి చూసి, “మాస్టారూ, వత్తులు కూడా కనిపిస్తున్నాయండీ!” అని కేకపెట్టాడు. తరగతి అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇందులో విచిత్రమేమిటంటే, శనివారం పొడుపుకథల పీరియడులో వాణ్ణి మించినవాడు లేడు. అందరికన్నా ఎక్కువ చెప్పేవాడు, అందరికన్నా ముందు విప్పేవాడు. ఒకసారి విన్నది మరిచేవాడు కాడు. కళ్ళతో పని లేని చోట వాడే మొదటివాడన్న సంగతి వారం వారం నా ఎదటే రుజువయింది. నాకు కనిపించలేదు. ఆ తరగతిలో చూపు తక్కువైనవాళ్ళం ఇద్దరం ఉన్నాం.

నా మనవరాలు ఈ కథ అంతా విని, కొంచెంసేపు మాట్లాడకుండా కూచుని, “సరే, తాతయ్యా. మనం దీన్ని బాగుచేద్దాం,” అన్నది.

పట్నం వెళ్ళి 256 జీబీల ఎస్.ఎస్.డి. తెచ్చాం. రెండు వేల రూపాయల లోపే అయింది. అరచేతిలో ఇమిడే పలచని డబ్బా అది. దాన్ని చెవి దగ్గిర పెట్టి ఊపినా చప్పుడు లేదు. ఇందులో రికార్డు గది ఎలా ఇమిడిందా అని నాకు ఆశ్చర్యమయింది. పుస్తకాలు తిరగేసి, తెలుసుకున్నది మీకూ చెబుతాను.

మొదటి హార్డ్ డిస్క్ యంత్రాన్ని ఐ.బి.ఎం. కంపెనీ 1956లో రామాక్ అనే కంప్యూటరుతో పాటు అమ్మింది. అందులో రెండేసి అడుగుల వెడల్పు గల బిళ్ళలు 50 ఉండేవి. యంత్రం బరువు దాదాపు ఒక టన్ను. అంతా కలిపి అందులో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఈనాడు ఫోనుతో తీసిన ఒక మంచి ఫోటో కూడా అందులో పట్టకపోవచ్చు!

తిరిగే బిళ్ళ లేకుండా రాతను దాచే ఉపాయానికి పునాది 1967లో పడింది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కొత్త రకం ట్రాన్సిస్టరును గురించి ప్రకటించారు. అందులో ఒక చిన్న గది ఉంటుంది. దాని చుట్టూ విద్యుత్తును పోనివ్వని గోడ. ఎక్కువ వోల్టేజి పెట్టి ఎలక్ట్రాన్లను ఆ గోడ గుండా లోపలికి తోస్తే, అవి అక్కడే చిక్కుకుపోతాయి. కరెంటు తీసేసినా బయటికి రాలేవు. గదిలో ఎలక్ట్రాన్లు ఉన్నాయా లేవా అన్నదే రాత. జపానులో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువోకా ఈ ఉపాయాన్ని పెంచి, 1980 తరవాతి ఏళ్ళలో ఫ్లాష్ మెమరీని తయారుచేశాడు. మన ఎస్.ఎస్.డి.లలో ఉండే నాండ్ అనే రకం 1987లో వెలువడింది. ఇందులో రాతను పెద్ద పెద్ద భాగాలుగా ఒక్కసారే చెరిపివేస్తారు. అది చూసి ఆయన సహోద్యోగి ఒకడికి కెమెరా ఫ్లాష్ గుర్తువచ్చి ఆ పేరు సూచించాడట. 1991లో సన్‌డిస్క్ కంపెనీ ఫ్లాష్‌తో 20 ఎంబీల డ్రైవు చేసింది. దాని ధర సుమారు వెయ్యి డాలర్లు. మేము కొన్నది దానికి పన్నెండువేల రెట్లకు పైగా పెద్దది!

ఈ రోజులలో ఒక్కొక్క గదిలో ఎలక్ట్రాన్లను ఎనిమిది రకాల మట్టాలలో ఉంచి, మూడేసి బిట్లు దాచటం మామూలు. ఆ లెక్కన 256 జీబీలకు 68 వేల కోట్ల గదులు కావాలి. అన్ని గదులూ ఒకదానిపై ఒకటి అంతస్తులుగా కట్టబడి ఆ పలచని డబ్బాలో ఉన్నాయి. వాటిలో ఏ గది తలుపు తట్టటానికీ ఎవరూ నడవనక్కరలేదు.

కొత్త డ్రైవు చేతికి రాగానే లాప్‌టాప్ విప్పుదామని నేను తొందరపడ్డాను. నా మనవరాలు ఒప్పుకోలేదు. “ముందు పొడుపుకథలు, తాతయ్యా! అవి రెండుచోట్ల చేరితే గాని స్క్రూ ముట్టుకోను,” అన్నది. ఒక పెన్‌డ్రైవ్ పెట్టి ఫోటోలు ఎత్తటం మొదలుపెట్టాం. డెబ్భయి దాకా బాగానే వచ్చాయి. అక్కడ ఆగింది. లాప్‌టాప్ లోపలినుంచి టిక్కు, టిక్కు అని చప్పుడు వచ్చింది. డిస్క్ కొన్నిచోట్ల పాడయిందనీ, ఆ చోటును చదవలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తున్నదనీ మనవరాలు చెప్పింది. దాని మాంద్యానికి అది కూడా ఒక కారణమే. ఆ చప్పుడు వింటుంటే నా గుండె కొట్టుకోవటం నాకే వినిపించింది. ఇంకొక నెల ఊరుకుంటే ఏమయేదో! దాన్ని పాతసామాను కింద ఇచ్చేసి ఉంటే అసలేమీ మిగిలేది కాదు.

మిగిలిన ఫోటోలను ఒక్కొక్కటే విడివిడిగా ఎత్తాం. సాయంత్రం అయింది. 180 పుటలలో 171 చేతికి వచ్చాయి. తొమ్మిది రాలేదు. మూడుసార్లు ప్రయత్నించినా రాలేదు. ఆ తొమ్మిదిలో మూడు నేను అదివరకే టైపు చేసినవి. మిగిలిన ఆరు పుటలు పోయాయి. అవి 1989 నాటివి.

పాత డిస్క్‌లోది ఉన్నదున్నట్టుగా కొత్త డ్రైవులోకి దింపే పద్ధతి ఒకటి ఉన్నది. డిస్క్ బాగున్నవాళ్ళకు అదే సులభం. మా డిస్క్ దెబ్బతిన్నది గనక, విండోస్‌ను కొత్తగా వేసుకోవటమే మేలని మనవరాలు నిర్ణయించింది. అందుకు కావలసినది మరొక పెన్‌డ్రైవ్‌లో సిద్ధం చేసుకున్నది.

మర్నాడు పొద్దున లాప్‌టాప్ విప్పాం. పని చేసింది మనవరాలు. నేను స్క్రూలు అందుకునే అటెండరును. అది ముందుగా చార్జరు తీసివేసి, బ్యాటరీ ఊడదీసింది. మీటను కొన్ని సెకండ్లు నొక్కి పట్టుకుని లోపల మిగిలిన విద్యుత్తును పోగొట్టింది. ఒంటిలో ఉండే స్థిరవిద్యుత్తు వల్ల సున్నితమైన భాగాలు చెడిపోతాయి గనక, ఇనప కిటికీ ఊచను ఒకసారి తాకి వచ్చింది. ఒక తెల్లకాగితం మీద లాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూనూ ఆ బొమ్మలో దాని చోటున పెట్టింది. ఏ స్క్రూ ఎక్కడిదో మరిచిపోకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి ఉపాయం నేను చూడలేదు.

మూత తీస్తే మూలన హార్డ్ డిస్క్ కనిపించింది. దాన్ని పక్కకు జరిపితే పట్టు వదిలి బయటికి వచ్చింది. దానికి ఉన్న రేకు చట్రాన్ని విప్పి, అదే చట్రాన్ని కొత్త డ్రైవుకు బిగించి, అదే చోట జరిపింది. పాతదీ కొత్తదీ ఒకే కొలత. అందుకే చట్రం సరిపోయింది. అన్ని లాప్‌టాప్‌లూ ఇలా ఉండవు. కొన్నిటిలో చూయింగ్ గమ్ బిళ్ళలాంటి సన్నని డ్రైవు పడుతుంది. కొన్నిటిలో అసలు మార్చటానికే వీలుండదు. కొనేముందు తమ లాప్‌టాప్‌లో పట్టేది ఏదో తెలుసుకోవాలి. ఇలాంటి పని పిల్లలు పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని చెయ్యాలి. మా ఇంట్లో పెద్దవాణ్ణి నేనే అయినా, పక్కన కూచోవటం మటుకే నా వంతు.

విండోస్ వేయటం ముగిశాక, లాప్‌టాప్‌ను ఒకసారి ఆపి, నేను గడియారం చూస్తూ ఉండగా మనవరాలు మీట నొక్కింది. పాత డిస్క్‌తో 4 నిమిషాల 10 సెకండ్లు పట్టేది. ఇప్పుడు 22 సెకండ్లు పట్టింది. మొక్కలకు నీళ్ళు పోయటానికి వేరే వేళ చూసుకోవలసి వచ్చింది.

అయితే ఎస్.ఎస్.డి. అన్నిటికీ మందు కాదు. ప్రాసెసర్ మీదనే పని భారం పడ్డప్పుడు, గది మార్చినందువల్ల వేగం రాదు. పెద్ద పెద్ద సినిమాలు దాచుకోవటానికి హార్డ్ డిస్క్ ఇప్పటికీ చవక. ఎస్.ఎస్.డి. గదులు కూడా శాశ్వతం కావు. చెరిపి రాసినప్పుడల్లా వాటి గోడలు కొంచెం అరుగుతాయి. మూడు బిట్ల రకం సుమారు వెయ్యి నుంచి మూడువేల సార్లు చెరిపి రాయటానికి తట్టుకుంటుంది. ఒకే గది అరిగిపోకుండా, పనిని అన్ని గదులకూ సమానంగా పంచే చిన్న చిప్పు ఒకటి డ్రైవులోనే ఉంటుంది. ఇంట్లో మామూలుగా వాడుకునేవారికి అది చాలా ఏళ్ళు వస్తుంది. కాని చెడిపోయేటప్పుడు అది టిక్కుమనదు. చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చు. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి మూలన పడి ఉంటే, గదుల్లో ఎలక్ట్రాన్లు మెల్లిగా జారిపోవచ్చు కూడా. అందుచేత విలువైనది ఏదైనా రెండుచోట్ల, వీలైతే మూడుచోట్ల ఉంచుకోవాలి. నా పొడుపుకథలు ఇప్పుడు లాప్‌టాప్‌లోనూ, నా పెన్‌డ్రైవ్‌లోనూ, హైదరాబాదులో మా అబ్బాయి ఇంట్లోనూ ఉన్నాయి.

మిగిలిన సెలవులన్నీ తాతా మనవరాలూ కూచుని 171 పుటలలో మిగిలినవి టైపు చేశాం. పూర్తి అయిన రోజున మనవరాలు, “తాతయ్యా, ఆ అబ్బాయి చెప్పినవి ఎన్ని ఉన్నాయి?” అని అడిగింది. పేరు కొట్టి వెతకమంటే, రెప్ప వేసేలోపల జవాబు వచ్చింది. 63.

ఆ పిల్లవాడికి ఇప్పుడు నలభై దాటాయి. మా మండలంలోనే ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. పండగలకు కనిపిస్తే నమస్కారం పెడతాడు. ఆ సాయంత్రం వాడికి ఫోను చేసి, పొడుపుకథల సంగతీ, పోయిన పుటల సంగతీ చెప్పాను. తరవాత, ఇన్నేళ్ళుగా అనలేకపోయిన మాట అన్నాను.

“నీ ప్రోగ్రెసు కార్డులో నేను మందకొడి అని రాశాను. తప్పు నాది. నీకు జ్ఞాపకముందో లేదో.”

“జ్ఞాపకముందండీ, మాస్టారూ,” అన్నాడు వాడు.

కొంచెంసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. డిస్క్ పాడయితే రెండు వేలతో కొత్తది వచ్చింది. వాడి ఒక ఏడాదిని నేను ఎక్కడినుంచి తేగలను?

ఆఖరుకు వాడే, “ఆ పోయిన పుటలు మా తరగతివేనా అండీ? అయితే రాసుకోండి,” అన్నాడు. మనవరాలు లాప్‌టాప్ తెరిచింది. నేను ఫోను దాని పక్కన పెట్టాను. వాడు తను చెప్పినవే గాక, తోటిపిల్లలు చెప్పినవి కూడా, ఎవరు చెప్పారో వాళ్ళ పేర్లతో సహా చెబుతూపోయాడు. ముప్ఫయి నాలుగేళ్ళ నాటివి! పోయిన ఆరు పుటలలో ముప్ఫయి అయిదు దాకా ఉండి ఉంటాయి. వాటిలో పద్నాలుగు తిరిగివచ్చాయి. మిగిలినవి రాలేదు.

2025 అక్టోబరులో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. నా మనవరాలు దసరా సెలవులలోనే వచ్చి, లాప్‌టాప్‌లో లినక్స్ అనే ఉచితమైన వ్యవస్థను వేసిపెట్టి వెళ్ళింది. ఈ వ్యాసం దాని మీదనే టైపు చేస్తున్నాను. దానికి పెట్టిన పేరు మాత్రం మానేశాను. వస్తువునైనా మనిషినైనా ఆ మాట అనబోయినప్పుడు, “ఎక్కడ ఆలస్యమవుతున్నది?” అని ముందు అడుగుతున్నాను. మీ అమ్మానాన్నలూ, మీ మాస్టర్లూ కూడా అడిగితే బాగుంటుంది. మిమ్మల్ని మీరు అడుగుకున్నా మంచిదే.

మా పొడుపుకథల పట్టికలో ఆఖరున ఉన్నది నా మనవరాలు కట్టినది. దాని పేరుతోనే రాశాను: “కాళ్ళు లేవు, కదలదు, కోరినదెల్లా క్షణంలో తెచ్చి ముందు పెడుతుంది. ఏమిటది?”

విడుపు మీకు తెలుసు. మీ ఇంట్లో అమ్మమ్మను అడిగి చూడండి.